మెదడు రక్తనాళాలకు క్యాథెటర్ చికిత్స: పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు

మెదడులోనూ, దానిని కప్పి ఉంచే పొరల్లోనూ ఏర్పడే రక్తనాళాల లోపాలను తలకు కోత పెట్టకుండా, క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో నాళంలోంచే వెళ్ళి సరిచేసే చికిత్స గురించి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ప్రశ్నలు అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు. ఇక్కడ రాసేది విషయం అర్థం కావడానికి మాత్రమే. ఎవరికి ఏ చికిత్స చేయాలన్నది ఆ రోగి యాంజియో చిత్రాలను స్వయంగా చూసిన వైద్యుడే నిర్ణయించాలి.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్ళు. చాలాకాలంగా కుడి చెవిలో గుండె కొట్టుకున్నట్టే చప్పుడు వస్తున్నదని చెబుతున్నది. చెవి డాక్టర్లకు చూపించినా తగ్గలేదు. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీసి, మెదడు పై పొరలో ధమనికీ సిరకూ మధ్య అడ్డదారి ఏర్పడిందని, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి దానిని మూసివేయాలని అన్నారు. మెదడు దాకా గొట్టం పంపడమంటేనే మాకు భయంగా ఉన్నది. ఇది ఎంతవరకు సురక్షితం?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ అమ్మగారికి ఉన్న జబ్బును డ్యూరల్ ఆర్టీరియో వీనస్ ఫిస్టులా అంటారు. మెదడును కప్పే పొరల్లో అన్నిటికన్నా పైన ఉండే మందపాటి పొర పేరు డ్యూరా. ఆ పొరకు రక్తం తెచ్చే ధమనులు, మధ్యలో ఉండవలసిన సూక్ష్మనాళాలు లేకుండా నేరుగా సిరలోకి తెరుచుకున్నప్పుడు, ధమనిలోని ఒత్తిడి అంతా సిర మీద పడుతుంది. చెవి వెనుక ఎముకను ఆనుకొని ఉన్న పెద్ద సిరలో ఇది జరిగితే ఆ ప్రవాహపు చప్పుడు నాడితో పాటే రోగికి వినిపిస్తుంది. ఇది ఎక్కువగా పుట్టుకతో వచ్చేది కాదు. సిరలో రక్తం గడ్డకట్టడం, తలకు దెబ్బ తగలడం కొందరిలో కారణమవుతాయి. చాలామందిలో కారణమేదీ కనిపించదు.

చికిత్స ఎంత సురక్షితమని అడిగే ముందు, చికిత్స చేయకపోతే ఏమవుతుందని మీ వైద్యుణ్ణి అడగండి. ఈ జబ్బు అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. అడ్డదారిలో చేరిన రక్తం పెద్ద సిర వెంట సక్రమంగా మెడ వైపు దిగిపోతుంటే ప్రాణానికి ముప్పు తక్కువ. చప్పుడు భరించగలిగితే పరీక్షలు చేయించుకుంటూ ఆగవచ్చు. అదే రక్తం వెనక్కి మళ్ళి మెదడు ఉపరితలంపై ఉన్న సన్నని సిరల్లోకి ఎగదన్నుతుంటే ఆ సిరలు ఉబ్బి చిట్లిపోవచ్చు, లేదా మెదడు వాచి మతిమరుపు, మూర్ఛ, కాళ్ళుచేతుల బలహీనత రావచ్చు. 1995లో కోన్యార్డ్, బోర్డెన్ అనే వైద్యుల బృందాలు విడివిడిగా చేసిన రెండు వర్గీకరణలకూ మూలం ఈ తేడాయే. వెనక్కి ఎగదన్నే రకానికి చికిత్స చేయకుండా వదిలేసినవారిలో ఏడాదికి సుమారు 8 శాతం మందికి రక్తస్రావమైనట్టు టొరంటో వైద్యులు 2002లో ప్రచురించారు. లక్షణాలేవీ లేకుండా అనుకోకుండా బయటపడిన వారిలో ఈ ప్రమాదం అంతకన్నా తక్కువ. మీ అమ్మగారిది ఏ రకమో ఎంఆర్ఐ ఒక్కదానితో తేల్చలేము. దానికి డీఎస్ఏ అనే యాంజియో పరీక్ష కావాలి.

ఈ పరీక్ష కొత్తది కాదు. మెదడు నాళాల్లోకి రంగుమందు పంపి ఎక్స్‌రేలో చూడడాన్ని పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో మొదలుపెట్టారు. స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ 1953లో, సూది గుచ్చి, దాని లోంచి తీగను పంపి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని నాళంలోకి ఎక్కించే పద్ధతిని ప్రకటించిన తర్వాత కోత అవసరం లేకుండా పోయింది. నేటికీ గజ్జల్లో గానీ మణికట్టు దగ్గర గానీ అదే పద్ధతిలో నాళంలోకి ప్రవేశిస్తాము. నాళం లోపలి గోడకు నొప్పి తెలిసే శక్తి దాదాపు ఉండదు కాబట్టి గొట్టం కదలిక రోగికి తెలియదు. రంగుమందు వెళ్ళినప్పుడు మాత్రం తలలో, ముఖంలో వెచ్చగా అనిపిస్తుంది. అనుభవమున్న చోట ఈ పరీక్ష వల్ల శాశ్వత నష్టం కలిగేది నూటికి ఒకరి కన్నా తక్కువ మందికే.

ఇక మూసివేసే పద్ధతి. సుమారు 2 మిల్లీమీటర్ల గొట్టాన్ని మెడలోని ధమని దాకా తీసుకువెళ్ళి, దాని లోపలి నుంచి ఒక మిల్లీమీటరు కన్నా సన్నని మైక్రోక్యాథెటర్‌ను అడ్డదారి దాకా పంపుతారు. గొట్టాల్లో గాలి బుడగ చేరకుండా, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన సెలైన్‌ను మొదటి నుంచి చివరి దాకా చుక్కచుక్కగా పంపుతూనే ఉంటారు. మైక్రోక్యాథెటర్ సరైన చోట నిలిచాక దాని ద్వారా ఒనిక్స్ వంటి ద్రవాన్ని గానీ, రక్తం తగలగానే క్షణాల్లో గట్టిపడే గ్లూను గానీ వదులుతారు. ఒనిక్స్ అంటే డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగించిన ప్లాస్టిక్ వంటి పదార్థం. ఎక్స్‌రేలో కనిపించేందుకు అందులో టాంటలం లోహపు పొడి కలుపుతారు. ఆ పొడి అడుగున పేరుకోకుండా వాడే ముందు సీసాను కనీసం 20 నిమిషాలు యంత్రంతో కుదుపుతారు. డీఎంఎస్ఓ వేగంగా వెళ్తే నాళం గోడ దెబ్బతింటుంది. అందుకే నిమిషానికి 0.3 మిల్లీలీటరు మించకుండా పంపాలన్న నియమం ఉన్నది. చికిత్సకు గంటలు పట్టిందని బయట కూర్చున్న కుటుంబసభ్యులు కంగారు పడుతుంటారు. ఆ ఆలస్యం చాలావరకు రోగి మేలు కోసమేనని వారికి ముందే చెప్పడం మా బాధ్యత.

అసలైన జాగ్రత్త ఎక్కడున్నదో ఇప్పుడు చెబుతాను. డ్యూరాకు రక్తమిచ్చే ధమనులు ఎక్కువగా ముఖానికి, నెత్తి చర్మానికి రక్తం పంపే బయటి కెరోటిడ్ ధమని నుంచి వస్తాయి. అవి మూసుకుంటే మెదడుకు నేరుగా నష్టం లేదని అనిపిస్తుంది. కానీ ఆ శాఖలకూ, కంటికీ మెదడుకూ రక్తమిచ్చే ధమనులకూ మధ్య మామూలు యాంజియోలో కనిపించనంత సన్నని లంకెలు ఉంటాయి. కణత లోపలి ఎముకను ఆనుకొని నడిచే మిడిల్ మెనింజియల్ ధమని ఈ చికిత్సకు అన్నిటికన్నా అనువైన దారి. అయితే కొందరిలో కంటి ధమనికి రక్తం ఆ దారి నుంచే వస్తుంది. అది గమనించకుండా ద్రవం పంపితే చూపు పోతుంది. అదే ధమని పుర్రెలోకి ప్రవేశించిన వెంటనే ముఖ నాడికి రక్తమిచ్చే చిన్న శాఖ ఒకటి చీలుతుంది. ద్రవం వెనక్కి పొర్లి అక్కడిదాకా వస్తే మూతి వంకరపోతుంది. తల వెనుక భాగంలోని ఆక్సిపిటల్ ధమనికి, మెదడు కాండానికి రక్తమిచ్చే వెర్టిబ్రల్ ధమనితో లంకె ఉంటుంది. గొంతు లోపలి శాఖ ఒకటి మాట, మింగుడు చూసుకునే నాడులకు రక్తమిస్తుంది.

కాబట్టి సమర్థుడైన వైద్యుడు ద్రవం పంపే ముందు ప్రతి శాఖలోనూ విడిగా రంగుమందు పంపి, రెండు దిక్కుల నుంచి చిత్రాలు తీసి, ఎక్కడి నుంచి ఎక్కడికి లంకె ఉన్నదో చూస్తాడు. అనుమానం ఉంటే మైక్రోక్యాథెటర్ ద్వారా కొద్దిగా లిడోకైన్ పంపి, కొన్ని నిమిషాలు చూపు, ముఖ కదలిక పరీక్షిస్తాడు. ఆ మందు ప్రభావంతో నాడి తాత్కాలికంగా మొద్దుబారితే ఆ దారి వదిలి మరో దారి వెతుకుతాడు. ద్రవం వెనక్కి ఎంత దూరం వస్తే ఆపాలన్న హద్దును ముందే తెర మీద గుర్తు పెట్టుకుంటాడు. కొనపై చిన్న బెలూన్ ఉన్న క్యాథెటర్లు, ద్రవంలో ఇరుక్కుంటే కొన మాత్రమే విడిపోయే క్యాథెటర్లు ఈ హద్దు దాటకుండా ఉండేందుకే వచ్చాయి. డ్యూరా దగ్గర డీఎంఎస్ఓ తగిలినప్పుడు ఒక్కొక్కసారి గుండె వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మత్తు డాక్టరు గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు సిద్ధంగా పెట్టుకొని ఉంటే అది పెద్ద సమస్య కాదు.

కొందరికి ధమని వైపు నుంచి కాక సిర వైపు నుంచి వెళ్ళి, అడ్డదారి చేరే సిర భాగాన్ని ప్లాటినం కాయిల్స్‌తో, అంటే సన్నని తీగ చుట్టలతో నింపుతారు. దీనికి ఒక షరతు ఉన్నది: మెదడు తన మామూలు రక్తాన్ని బయటికి పంపడానికి ఆ సిరను వాడుకోకుండా ఉండాలి. వాడుకుంటున్నట్టయితే సిరను మూయకుండా, లోపల బెలూన్ ఉబ్బించి దానిని కాపాడుకుంటూ ధమని వైపు నుంచి ద్రవం పంపుతారు. మీరు వైద్యుణ్ణి మూడు విషయాలు అడగండి: రక్తం మెదడు సిరల్లోకి వెనక్కి వెళ్తున్నదా, ఏ ధమని గుండా వెళ్తారు, ఆ ధమనికి కంటితో గానీ నాడులతో గానీ లంకె కనిపించిందా. వీటికి చిత్రం చూపి ఓపికగా జవాబు చెప్పే వైద్యుని దగ్గర చికిత్స చేయించండి.

ప్రశ్న: మా తమ్ముడు నెల క్రితం విజయవాడ హైవే మీద బైక్ ప్రమాదంలో పడ్డాడు. తలకు దెబ్బ తగిలినా అప్పుడు స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు. పది రోజులుగా ఎడమ కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకు వచ్చింది, రెండేసి కనిపిస్తున్నాయి. కండ్ల కలక అని చుక్కల మందు ఇచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు కెరోటిడ్ ధమని చిరిగిందని, బెలూన్ గానీ కాయిల్ గానీ పెట్టాలని అంటున్నారు. ఆగవచ్చా? కన్ను బాగవుతుందా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: ఆగకండి. ఇది కెరోటిడ్ కావర్నస్ ఫిస్టులా. మెదడుకు రక్తం తీసుకుపోయే ప్రధాన ధమని, కంటి వెనుక ఉన్న కావర్నస్ సైనస్ అనే సిరల గూడు మధ్యలోంచి వెళ్తుంది. దెబ్బకు ధమని గోడ అక్కడ చిరిగితే రక్తం అంతా కంటి సిరల్లోకి ఎదురు తన్నుతుంది. కన్ను పొడుచుకురావడం, ఎర్రబడడం, కనురెప్ప మీద చేయి పెడితే నాడి కొట్టుకోవడం, తలలో హోరు, రెండేసి కనిపించడం దీని గుర్తులు. ప్రమాదమైన కొన్ని రోజులకో వారాలకో ఇవి బయటపడతాయి కనుక మామూలు కండ్ల కలకగా పొరబడే అవకాశం ఎక్కువ. హైవేల వెంట పనిచేసే వైద్యమిత్రులకు ఇక్కడే ఒక విన్నపం: తలకు దెబ్బ తగిలిన మనిషికి ఒక కన్ను ఎర్రబడితే, చుక్కల మందు రాసే ముందు స్టెతస్కోపు కనురెప్ప మీద పెట్టి వినండి.

కంటిలో ఒత్తిడి పెరిగి చూపు తగ్గుతుంటే రోజుల్లోనే చికిత్స కావాలి. మాస్కో వైద్యుడు సెర్బినెంకో ధమనిలోంచి విడిపోయే బెలూన్‌ను పంపి మెదడు నాళాల లోపాలను మూసిన తన అనుభవాన్ని 1974లో ప్రచురించారు. ఈ జబ్బుకు నాళంలోంచి చేసే చికిత్సలో అది పెద్ద మలుపు. చిరుగు గుండా బెలూన్‌ను సిరల గూడులోకి పంపి, అక్కడ ఉబ్బించి వదిలేస్తే చిరుగు మూసుకుంటుంది, ధమని తెరిచే ఉంటుంది. ఇప్పుడు చాలా చోట్ల కాయిల్స్ వాడుతున్నారు. చిరుగు దగ్గర ధమనిలో తాత్కాలికంగా ఒక బెలూన్‌ను ఉబ్బించి, కాయిల్ గానీ ద్రవం గానీ ధమనిలోకి జారకుండా అడ్డుకుంటూ సిరల గూడును నింపుతారు. ధమని వైపు దారి దొరకకపోతే మెడ సిర నుంచి గానీ, కంటి పై సిర నుంచి గానీ వెళ్తారు. స్టెంట్ పెట్టవలసి వస్తే రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడాలి. తలకు ఇటీవలే దెబ్బ తగిలిన వారిలో అది రక్తస్రావానికి దారితీయవచ్చు కనుక దాని గురించి ప్రత్యేకంగా అడగండి.

చిరుగు మరీ పెద్దదై ధమనినే మూయవలసి వచ్చిన సందర్భంలో, ముందు బెలూన్‌తో తాత్కాలికంగా మూసి, మెలకువగా ఉన్న రోగితో సుమారు అరగంట మాట్లాడిస్తూ, చేతులు కాళ్ళు కదిలిస్తూ పరీక్షిస్తారు. అవతలి వైపు ధమని నుంచి మెదడుకు రక్తం సరిపోతున్నదని తేలితేనే శాశ్వతంగా మూస్తారు. ఈ పరీక్ష జరిగిందా లేదా అన్నది మీరు తెలుసుకోవలసిన విషయం.

చిరుగు పూర్తిగా మూసుకున్న వెంటనే హోరు ఆగుతుంది. ఎరుపు, వాపు రోజుల్లో, వారాల్లో తగ్గుతాయి. కన్ను తిప్పే నాడులు కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. అప్పటికే పోయిన చూపు మాత్రం అందరికీ తిరిగి రాదు, అందుకే ఆగవద్దన్నాను.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. ముంబైలో భవన నిర్మాణ పని చేస్తాను. మూడు నెలల క్రితం పనిలో ఫిట్స్ వచ్చి పడిపోయాను. ఎంఆర్ఐలో ఏవీఎం ఉన్నదని, రక్తం కారలేదని చెప్పారు. ఒక డాక్టరు ఎంబొలైజేషన్ (గొట్టం ద్వారా వెళ్ళి నాళాన్ని మూసే చికిత్స) చేయించుకోమన్నారు, ఇంకొకరు మాత్రలు వాడుతూ ఊరుకోమన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: ఇద్దరు వైద్యులూ తప్పు చెప్పలేదు. చిట్లని ఏవీఎంకు ఏం చేయాలన్నది ఈనాటికీ వైద్యుల్లో చర్చ నడుస్తున్న విషయమే. ఏవీఎం అంటే మెదడు కణజాలం లోపల ధమనులు, సిరలు సూక్ష్మనాళాలు లేకుండా కలిసి చిక్కుముడి పడిన గుత్తి. అది చిట్లే ప్రమాదం ఏడాదికి సుమారు 2 నుంచి 4 శాతం. ఒకసారి చిట్లిన వారిలో ఇంకా ఎక్కువ. 27 ఏళ్ళ వయసులో ముందున్న జీవితమంతా లెక్కలోకి తీసుకుంటే ఇది చిన్న సంఖ్య కాదు. మరోవైపు, అరూబా అనే పరిశోధనలో చిట్లని ఏవీఎం ఉన్న 223 మందిని సగటున 33 నెలలు గమనించినప్పుడు, మందులతో మాత్రమే ఉన్నవారిలో 10.1 శాతానికి, మూసే చికిత్స చేయించుకున్నవారిలో 30.7 శాతానికి మరణం గానీ పక్షవాతం గానీ సంభవించింది. ఇది 2014లో వెలువడింది. అందులో శస్త్రచికిత్స జరిగినవారు చాలా తక్కువని, గమనించిన కాలం చాలదని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శల్లో న్యాయం ఉన్నదని నేను అనుకుంటాను. అయినా చికిత్స వల్ల వచ్చే నష్టాన్ని తేలిగ్గా తీసుకోరాదని ఆ పరిశోధన గట్టిగా చెప్పింది.

ఈ గుత్తిలో క్యాథెటర్ చికిత్స ఎందుకు కష్టమో మీ పాలమూరు చెరువును తలచుకుంటే తెలుస్తుంది. పైనుంచి వాగులు పారుతుండగా ఎవరైనా మత్తడిని, తూమును ముందుగా మూసివేస్తే నీళ్ళు పోయే దారి లేక కట్ట తెగుతుంది. వాగులను ఒక్కొక్కటిగా మళ్ళించి, ఆఖరున తూము సంగతి చూడాలి. ఏవీఎంలో సిర మత్తడి వంటిది. రక్తం తెచ్చే ధమనులు ఇంకా తెరిచి ఉండగా ద్రవం సిరలోకి జారి దానిని మూసివేస్తే గుత్తి చిట్లుతుంది. అందుకే ద్రవం ముందుకు పాకుతూ సిర అంచుకు చేరుతున్నట్టు కనిపించగానే ఆపివేసి, గట్టిపడేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. పెద్ద గుత్తిని ఒకేరోజు మొత్తం మూస్తే, ఇన్నాళ్ళు తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన చుట్టుపక్కల నాళాల్లోకి ఒక్కసారిగా రక్తం దూసుకొచ్చి వాపు, రక్తస్రావం రావచ్చు. వారాల విరామంతో విడతలుగా చేయడం, చికిత్స తర్వాత రక్తపోటును కొంత తక్కువగా ఉంచడం అందుకే.

ఇంకొక ముఖ్యమైన సంగతి: ఎంబొలైజేషన్ ఒక్కదానితో ఏవీఎం పూర్తిగా పోయేది కొద్దిమందిలోనే. సగం మూసి వదిలితే చిట్లే ప్రమాదం సగానికి తగ్గదు. కాబట్టి ఎంబొలైజేషన్ చేయమన్న వైద్యుణ్ణి ‘తర్వాత ఏమిటి?’ అని అడగండి. శస్త్రచికిత్సకు ముందు రక్తప్రవాహం తగ్గించడానికా, గుత్తిలో ఉబ్బిన బలహీన నాళాన్ని మూయడానికా, లేక పూర్తిగా నయం చేయగలమన్న నమ్మకంతోనా అన్నది స్పష్టంగా ఉండాలి. 1986లో వచ్చిన స్పెట్జ్లర్-మార్టిన్ కొలమానం ప్రకారం గుత్తి పరిమాణం, అది మెదడులో ఉన్న చోటు, సిర లోతుకు వెళ్తుందా అన్న మూడింటిని బట్టి 1 నుంచి 5 వరకు గ్రేడు వేస్తారు. గ్రేడు 1, 2 అయితే అనుభవజ్ఞుడైన సర్జన్ తీసివేయగలడు. లోతుగా ఉన్న చిన్న గుత్తికి రేడియోసర్జరీ, అంటే కోత లేకుండా కిరణాలతో చేసే చికిత్స ఉన్నది; అది మూసుకోవడానికి 2, 3 ఏళ్ళు పడుతుంది, అప్పటిదాకా చిట్లే ప్రమాదం పోదు. మీ డీఎస్ఏ చిత్రాల సీడీతో న్యూరోసర్జన్, క్యాథెటర్ చికిత్స చేసే వైద్యుడు ఇద్దరూ కలిసి కూర్చునే ఆసుపత్రికి వెళ్ళండి. హైదరాబాద్‌లో నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థ ఉన్నది.

ఇవన్నీ తేలేదాకా ఫిట్స్ మాత్రలు ఒక్కపూట కూడా మానవద్దు. వాహనం నడపవద్దు. పరంజీ ఎక్కవద్దు, మేస్త్రీతో మాట్లాడి కింద చేసే పని అడగండి. నాళం చిట్లడం కన్నా ఎత్తు మీద ఫిట్స్ రావడం మీకు ఈ క్షణాన దగ్గరగా ఉన్న అపాయం.

ప్రశ్న: మా బాపుకు షుగర్ ఉన్నది, క్రియాటినిన్ కొంచెం ఎక్కువ. యాంజియో రంగుమందుతో కిడ్నీలు పోతాయని కొందరు భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: రంగుమందులో అయోడిన్ ఉంటుంది. కిడ్నీలు ముందే బలహీనంగా ఉన్నవారికి అది భారమే, కానీ అవసరమైన పరీక్షను మానుకునేంత కాదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను ముందు రోజు చూసి, సెలైన్ ఎక్కించి, తక్కువ మోతాదు వాడతారు. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే వైద్యునికి తప్పక చెప్పండి. ఆపమంటే ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ మళ్ళీ చూసి మొదలుపెట్టాలి. ఇంతకుముందు ఏ స్కాన్‌లోనైనా రంగుమందు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అదీ చెప్పాలి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా మేనత్తకు ఫ్లోరోసిస్ వల్ల మెడ, నడుము వంగవు. ఆమెకు ఈ చికిత్స చేయాలంటున్నారు. పడుకోబెట్టి మత్తు ఇవ్వగలరా?
– ఒక పాఠకురాలు, మర్రిగూడ

జవాబు: ఇవ్వగలరు, కానీ మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. మెడ వెనక్కి వాలని మనిషికి శ్వాసగొట్టం వేయడం కష్టం. కెమెరా ఉన్న పరికరంతో, కొన్నిసార్లు మెలకువగా ఉండగానే వేయవలసి వస్తుంది. ఈ చికిత్సలో గంటల తరబడి తల కదలకుండా వెల్లకిలా ఉండాలి, చిత్రాలు తీసే యంత్రం తల చుట్టూ తిరగాలి. నడుము నిటారుగా చాచలేని మనిషికి మోకాళ్ళ కింద, భుజాల కింద దిండ్లు అమర్చి, ముందు రోజే క్యాథ్‌ల్యాబ్ బల్ల మీద పడుకోబెట్టి చూడడం మంచిది. తొడ చాచలేకపోతే మణికట్టు నుంచి వెళ్ళవచ్చు; ఆ దారిన వెళ్తే తర్వాత గంటల తరబడి కాలు కదపకుండా పడుకోవలసిన బాధ కూడా ఉండదు. మన జిల్లా బయటి వైద్యులు ఫ్లోరోసిస్‌ను తరచుగా చూసి ఉండకపోవచ్చు. పాత ఎక్స్‌రేలు వెంట తీసుకువెళ్ళి, మెడ ఎంతవరకు కదులుతుందో మీరే చెప్పండి.

ప్రశ్న: ఖర్చు చాలా అవుతుందంటున్నారు. ఆరోగ్యశ్రీలో వస్తుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఏ జబ్బుకు, ఎన్ని కాయిల్స్‌కు, ఏ ద్రవానికి ఎంతవరకు మంజూరవుతుందన్నది వేర్వేరుగా ఉంటుంది కనుక, చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి చికిత్స పేరు రాతపూర్వకంగా చూపి అడగండి. ఖర్చంతా గది అద్దెలో ఉండదు, లోపల వాడే సామగ్రిలో ఉంటుంది. అంచనా కాగితంలో వాటిని విడిగా రాయమనండి. మిగిలిన మొత్తానికి ముఖ్యమంత్రి సహాయనిధి కింద ముందస్తు మంజూరు పత్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి తొందరపడే ముందు ఈ రెండు దారులూ చూడండి. చికిత్స అత్యవసరం కాదని వైద్యుడు చెప్పిన వారికి ఆ వ్యవధి ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు గతవారం ఒనిక్స్ చికిత్స జరిగింది. మరునాడు ఒంటి నుంచి వెల్లుల్లి వాసన వచ్చింది. లోపల ఏదైనా చెడిపోయిందా? ఇకముందు ఎంఆర్ఐ తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఏమీ చెడిపోలేదు. ఒనిక్స్‌ను కరిగించిన డీఎంఎస్ఓ ఊపిరి ద్వారా, చర్మం ద్వారా బయటికి వెళ్ళేటప్పుడు వచ్చే వాసన అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎక్స్‌రే ఎక్కువసేపు పడిన చోట రెండు మూడు వారాలకు జుట్టు కొంత రాలవచ్చు, అది చాలావరకు తిరిగి వస్తుంది. సూది గుచ్చిన చోట వాపు పెరగడం, కాలు చల్లబడడం, విపరీతమైన తలనొప్పి, మాట తడబడడం, ఒక పక్క బలహీనత కనిపిస్తే మాత్రం మరుసటి అపాయింట్‌మెంటు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఒనిక్స్, ప్లాటినం కాయిల్స్ రెండూ ఉన్నవారికి ఎంఆర్ఐ తీయవచ్చు. స్కాన్ కేంద్రంలో అడుగుతారు కనుక, లోపల వాడిన సామగ్రి పేర్లు రాసిన డిశ్చార్జి కాగితం వెంట ఉంచుకోండి. మూసిన చోటు అలాగే ఉన్నదా అని చూడడానికి కొన్ని నెలల తర్వాత యాంజియో మళ్ళీ చేయమంటారు. చప్పుడు పోయింది కదా అని దానిని వాయిదా వేయకండి, ఎందుకంటే చప్పుడు లేకుండానే అడ్డదారి మళ్ళీ తెరుచుకోవచ్చు.